దేవరాణి అమ్మవారికి పట్టుచీర

తోర్వా, బిలాస్‌పూర్
6 నవంబర్ 2024

చిన్నమ్మికి,

మీ అక్క నీలవేణి ఒంటి కన్నుతో నిన్ను తలచుకుని రాయిస్తున్న సంగతులు. చెప్పేది నేను, రాసేది నా మనవరాలు భవిత. సీపత్‌లో అమ్మానాన్నల్ని వదిలి కాలేజీ కోసం మా ఇంట్లో ఉంటోంది. బీకాం లెక్కలు చకచకా చేస్తుంది గానీ తెలుగు రాయమంటే చెమటలు కక్కుతుంది. తప్పులుంటే దానివి, తెలివితక్కువతనం ఉంటే నాది.

కుడి కంటికి శుక్లం తీసి పచ్చగుడ్డ కట్టి పంపారు. ఎడమ కన్ను ముందునుంచీ అంతంతమాత్రమే. ఆ కాస్త కనిపించే పక్కన ఎప్పుడు చూసినా మీ బావే కూర్చుని ఉంటున్నారు, ఏ జన్మలో చేసుకున్న పాపమో. మొన్న ఉప్పనుకుని చారులో పంచదార వేశాను. ఆయన రెండోసారి వడ్డించుకుని, "ఇన్నాళ్ళకి నీ చారు కుదిరిందే" అన్నారు. ఇన్నేళ్ళ నా వంట సంగతి ఆ ఒక్క మాటతో తేలిపోయింది.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో నీ మాట నాకు సగం, నా మాట నీకు సగం. మీ బావ స్పీకర్ పెడితే మాత్రం వీధి మొత్తానికీ పూర్తిగా వినిపిస్తుంది. అందుకే మనకి ఉత్తరమే మేలు.

మా మరిది పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం నాడు, ఒక్కదానివీ విజయనగరంలో ఎందుకు, మా మేడ మీద గదిలోకి వచ్చి ఉండిపొమ్మన్నాను. నువ్వు "చూద్దాం" అన్నావు. ఇంకా ఏం చూస్తున్నావో తెలియదు. సరే, ఆ మాట ఇప్పుడు ఎత్తను. ఒక్క రోజు సరదాకి రా. పొద్దున్నే పాసెంజరు ఎక్కి దగోరిలో దిగడం, మనియారి నది ఒడ్డునే నడుచుకుంటూ తాలా వెళ్ళి ఎప్పటివో పాత గుళ్ళు చూడడం, సాయంత్రం బండికి తిరిగి రావడం. అక్కడ దేవరాణి గుడ్డి చాలా పేరున్నది. పెళ్ళయి ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచీ పేరు వినడమే గానీ చూసిన పాపాన పోలేదు. గార్డు గారి పెళ్ళాం రైలెక్కి ఎక్కడికీ వెళ్ళలేదంటే నవ్విపోతారు.

నువ్వొస్తే కన్ను తొందరగా తెరుచుకుంటుందని నమ్మే,
నీలవేణి అక్క

(చిన్ననానమ్మా, నానమ్మ బహుత్ ఫాస్ట్ బోల్తీ హై. సారీ. భవిత.)


బాబామెట్ట, విజయనగరం
15 నవంబర్ 2024

అక్కకి,

"దేవరాణి గుడ్డి" అని చదివి నా గుండె ఆగినంత పనైంది. అమ్మవారికి కళ్ళు లేవా, లేక నీ కన్నే పోయి ఇలా నర్మగర్భంగా రాయించావా అని కుట్టు మిషను ఆపేసి ఏడ్చాను. జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చినావిడ తీసుకుని చదివి, "గుడి అయ్యుంటాదమ్మా" అంది. ఏడ్చిన ఏడుపు వృథా అయింది.

ఆ అమ్మవారి పేరు నేనెప్పుడూ వినలేదు. దేవతకి దేవత, రాణికి రాణి, పేరులోనే ఎంత మహిమ! వెంటనే తూర్పుకి తిరిగి దండం పెట్టి, "తల్లీ దేవరాణీ, మా అక్క కన్ను దక్కిస్తే నీకు పట్టుచీర పెట్టుకుంటాను" అని మొక్కేశాను. చీర కూడా కొనేశాను, పసుపు రంగుకి ఎర్రంచు.

భయమల్లా నడక గురించే. రాను రాను మోకాళ్ళు మొండికేస్తున్నాయి. రాను రాను రాజుగారి గుర్రం గాడిద అయిందని, సిరిమాను ఉత్సవం చూడ్డానికి పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా ఒంటికాలి మీద నిలబడ్డ మనిషిని, ఇప్పుడు కూరల బజారుకి ఆటో ఎక్కుతున్నాను. నది ఒడ్డున మధ్యలో కూలబడితే నన్ను మోసేదెవరో ముందే చూసి పెట్టు.

డిసెంబరులో కోర్బా ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీయించాను. రావడానికీ, తిరిగి పోవడానికీ కూడా. గది మాట ఎత్తనన్నావు గనకే ధైర్యం చేశాను. దూరపు కొండలు నునుపు, అక్కా. దగ్గరికొస్తే నా రాళ్ళు నీకు గుచ్చుకుంటాయి, నీ ముళ్ళు నాకు.

బావగారికి నమస్కారాలు. పంచదార చారు మాత్రం నాకు పెట్టకు.

మోకాళ్ళు తప్ప అంతా క్షేమంగా ఉన్న,
చిన్నమ్మి


తోర్వా, బిలాస్‌పూర్
24 నవంబర్ 2024

చిన్నమ్మీ,

రాయడానికి కన్ను అక్కర్లేదు, చదవడానికే కావాలని ఇవాళ తెలిసింది. పచ్చగుడ్డ తీయలేదు, ఎవరినీ బతిమాలదలచుకోలేదు, అందుకని తడుముకుంటూ నేనే రాస్తున్నాను. ఒక వరస మీద ఇంకో వరస ఎక్కి ఉంటే నువ్వే దింపుకో.

నీ ఉత్తరం భవిత నాలుగు ముక్కలు చూసి, నీ గొలుసుకట్టు రాతకి చేతులెత్తేసి, సారాంశం చెప్పింది: "నానమ్మా, నహీ ఆవూంగీ, నహీ ఆవూంగీ అని రెండుసార్లు రాసింది చిన్ననానమ్మ. తర్వాత గధా గురించి ఏదో ఉంది."

రానని ఒక్కసారి రాస్తే నాకు అర్థం కాదా? అంత నొక్కి చెప్పాలా? ఇక ఆ గాడిద ఎవరన్నది నేను అడగను. మీ బావ మాత్రం "ఆ మాట నన్నే అనీసింది" అని అలిగి అన్నం మానేశారు. మానేసి పకోడీలు తిన్నారు.

నువ్వు ఫోన్ చేశావు. నేను తీయలేదు, అలిగినవాళ్ళు తీయకూడదు కదా. ఆయన తీసి స్పీకర్ పెట్టారు. నువ్వు హలో హలో అన్నావు, ఆయన హలో హలో అన్నారు, అంతకుమించి ఇద్దరూ ముందుకు సాగలేదు.

రాకపోతే మానెయ్. గుళ్ళు ఎక్కడికీ పోవు. దేవరాణి గుడి ఇప్పటికీ చక్కగా నిలబడే ఉందట. రాళ్ళకుప్ప అయిపోయింది జేఠాణి గుడేనట. న్యాయంగానే ఉంది. జేఠాణి గతి ఎప్పుడూ అంతే.

మేడ మీద గదికి సున్నం వేయించాను. ఎలకల కోసం వేయించానని అనుకో.

కోపంగానే ఉన్న,
నీలవేణి


బాబామెట్ట, విజయనగరం
2 డిసెంబర్ 2024

అక్కా, నా తల్లీ,

రానని ఎవరన్నారు? "రాను రాను" అంటే రోజురోజుకీ అని! మోకాళ్ళు రోజురోజుకీ పాడవుతున్నాయని రాశాను. ఆ గాడిద నేనే, బావగారు కాదు. ఆయన్ని పకోడీలు మానేసి అన్నం తినమను. టికెట్ తీయించిన సంగతి వెనక పేజీలో ఉంది. వెనక్కి తిప్పి చూసిన నాథుడే లేడన్నమాట. ఈ పిల్లగుంటకి తెలుగు నేర్పకుండా ఇంతదాన్ని చేశావు, అనుభవించు.

ఈ ఉత్తరం అచ్చు అక్షరాల్లో, ఒకటో తరగతి పిల్ల రాసినట్టు విడివిడిగా రాస్తున్నాను. భవితా, చదువుతున్నావా? వ, స్తు, న్నా, ను. ఇరవయ్యో తారీఖు పొద్దున్న బిలాస్‌పూర్‌లో దిగుతాను.

అక్కా, ఆ జేఠాణి ఎవరు? ఆవిడా అమ్మవారేనా? ఆవిడ గుడి కూలిపోయిందని చదివి మనసు చివుక్కుమంది. ఒకావిడకి పట్టుచీర, పక్కావిడకి రాళ్ళకుప్పా? తప్పు కదా. ఆవిడకీ ఒకటి కొన్నాను. అచ్చంగా అదే రంగు, అదే అంచు. ఏ మాత్రం తేడా చేసినా అమ్మవార్లు కూడా వాళ్ళల్లో వాళ్ళు కొట్టుకుంటారు. ఆడవాళ్ళే కదా పాపం.

సున్నం వేయించావని చదివాను. ఎలకల కోసమేనని నమ్మాను. తిరుగు టికెట్ ఇరవై మూడుకి ఉంది, దాన్ని మాత్రం కదిలించకు.

నీ గాడిద,
చిన్నమ్మి


బాబామెట్ట, విజయనగరం
29 డిసెంబర్ 2024

అక్కకి,

క్షేమంగా చేరాను. తాలా ప్రయాణం గురించి బావగారు మీ వీధిలో అందరికీ ఒక కథ చెబుతున్నారని, అందులో ఆయనే వీరుడని ఫోన్లో సగం వినిపించింది. అందుకని జరిగింది జరిగినట్టు రాసి పంపుతున్నాను. పరీక్షలని రాకుండా తప్పించుకున్న భవిత చేత దీన్ని పైకి చదివించు. దాని తెలుగుకి ఇదే పరీక్ష.

భవితా, మీ తాత ఆ లైన్లో గార్డు డ్యూటీ చేసిన మనిషి కాబట్టి మేం ఆయన్ని నమ్మాం. మొదటి పొరపాటు అదే. దగోరిలో బండి ఆగింది. నేను గాబరాగా లేచాను. ఆయన కాలు మీద కాలు వేసుకుని, "ఏటా గాబరా? గూడ్సు ఈ లూప్‌లైన్లో గంటలు గంటలు ఆగీది. కూర్చో" అన్నారు. అది గూడ్సు కాదని, మనం బొగ్గు కాదని ఆయనకి గుర్తు రాలేదు. బండి కదలబోతోందని నేను ముందుగా సంచి కిందకి దింపాను. సంచి దిగింది, మేం దిగలేదు. మేం తర్వాత స్టేషన్ నిపనియాలో దిగాం.

ఆటో అతన్ని బతిమాలుకుని వెనక్కి వచ్చేసరికి, దగోరి ప్లాట్‌ఫారం మీద నా సంచి పక్కన ఒక మేక నిలబడి ఉంది. అమ్మవార్లకని తెచ్చిన బంతిపూల దండల్లో చివరి పువ్వు దాని నోట్లో ఉంది. చీరలు దక్కాయి. "మేకకి మొక్కు ముట్టీసింది, ఇంటికెల్లిపోదాం" అన్నారు మీ తాత. నానమ్మ ఆయనకేసి నల్లకళ్ళద్దాల్లోంచి చూసింది. ఆ చూపు అద్దాలు దాటి వచ్చింది.

నది ఒడ్డుకి చేరాక మాత్రం మోకాళ్ళ సంగతి మరిచిపోయాను. చలికాలం కదా, మనియారిలో నీళ్ళు పలచగా, తేటగా ఉన్నాయి. అడుగున గులకరాళ్ళు కనిపిస్తున్నాయి. ఒడ్డున ఎవరో కూరమళ్ళు వేసుకున్నారు. మీ నానమ్మ ఆగి ఆగి, కొత్త కన్నుతో వంగమొక్కని కూడా దేవుణ్ణి చూసినట్టు చూసింది. "చిన్నమ్మీ, ఆకుపచ్చ ఇలాగుంటాదేటే? మర్చిపోయాను" అంది. నాకు ఏడుపొచ్చి, ముల్లు గుచ్చుకుందని చెప్పాను.

నడుస్తూ, కూర్చుంటూ, కూర్చున్న చోటల్లా అరిసెలు తింటూ గుళ్ళ దగ్గరికి చేరాం. నేను చీరలు రెండూ పళ్ళెంలో పెట్టి, కొబ్బరికాయ పట్టుకుని, చెప్పులు గేటు బయటే వదిలి భక్తిగా నడిచాను. కాపలా అతను అడ్డం వచ్చి, "పూజా నహీ హోతీ, అమ్మా. అందర్ కోయీ దేవీ నహీ హై" అన్నాడు. లోపల దేవతే లేదట! నాకొచ్చిన నాలుగు హిందీ ముక్కలతో, "దేవరాణి దేవీ కహాఁ?" అన్నాను. అతను అయోమయంగా మీ తాత వైపు చూశాడు. మీ తాత గేటు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు.

"ఓసి నీ అమాయకం కూలా! దేవరాణంటే తమ్ముడి పెళ్ళాం. జేఠాణంటే అన్న పెళ్ళాం. మన బాసలో తోడికోడళ్ళు. నీకు నువ్వే మొక్కీసుకున్నావే!"

అత్త తిట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఆయన నవ్వితే నాకేం కాలేదు. మీ నానమ్మ పెదవి బిగపట్టి నవ్వు ఆపుకుంటోంది చూడు, అప్పుడు ఒళ్ళు మండింది. ఈవిడకి ముందే తెలుసట! పచ్చగుడ్డ విప్పగానే నా ఉత్తరాలన్నీ చదివేసిందట. అసలు సంగతి చెప్తే నేను టికెట్ రద్దు చేసుకుంటానని నోరు కుట్టేసుకుందట. ఇది చదివేటప్పుడు, భవితా, కాస్త గట్టిగా చదువు.

దేవరాణి గుడికి పైకప్పు లేకపోయినా గోడలు దర్జాగా ఉన్నాయి. చెక్కిన గుమ్మం చూస్తే చూస్తూనే ఉండిపోతాం. జేఠాణి గుడి నిజంగానే రాళ్ళు, విరిగిన స్తంభాలు. మీ నానమ్మ ఒక రాతి మీద చతికిలబడి, "నా ఇల్లు నాకు దొరికింది, మీరు ఎల్లిరండి" అంది. అక్కడే చీరల పంచాయితీ అయింది. జేఠాణి చీర తను తీసుకుంది. రెండోది నా భుజాల మీద కప్పబోయింది. ఏడాదిగా నేను రంగుచీర ముట్టలేదు. వద్దన్నాను. "మొక్కు నా కన్ను మీద మొక్కావు. తప్పితే పోయేది నా కన్నే. కట్టుకో" అంది. కప్పుకున్నాను. మేకలు కాసే ఒకామె అటు వెళ్తూ మమ్మల్నిద్దరినీ ఒకే రంగులో చూసి, గుళ్ళకేసి చూసి, నవ్వుకుంటూ పోయింది.

భవితా, ఇక్కడితో చాలు. నువ్వు లేచి వెళ్ళు. మిగిలింది మీ నానమ్మకి.

అక్కా, గ్రిల్ వెనక ఆ పెద్ద శివుడి విగ్రహం చూశాం కదా. ముక్కు తొండ, మీసాలు చేపలు, చెవులు నెమళ్ళు, గడ్డం పీత, భుజాలు మొసళ్ళు. బావగారు అటు వెళ్ళగానే నువ్వు నా చెయ్యి పట్టుకుని, "ఒక్క ఒంట్లో ఇన్ని సర్దుకున్నాయి, ఒక్క ఇంట్లో మనిద్దరం సర్దుకోలేమేటే?" అన్నావు. నేను, "ఆ మొహం చూడు, సర్దుకున్నందుకు సంతోషంగా ఉందా?" అని నవ్వేశాను. నువ్వూ నవ్వావు. తిరుగు బండిలో మాత్రం కిటికీవైపు తిరిగి కూర్చున్నావు.

ఆ జవాబు బాగోలేదు. అసలు జవాబు ఇది. నాకు ఉన్నది నువ్వొక్కదానివే. ఉత్తరాల్లో మనం ఎంత బాగుంటామో తెలుసు కదా. ఒకే వంటింట్లో ఉప్పు డబ్బా దగ్గర మాటా మాటా వచ్చి నిన్ను పోగొట్టుకుంటే, నాకు ఇంకో అక్క దొరకదు. అందుకే తిరుగు టికెట్ పట్టుకుని తిరుగుతున్నాను.

నీ దేవరాణి,
చిన్నమ్మి


తోర్వా, బిలాస్‌పూర్
9 జనవరి 2025

చిన్నమ్మీ,

నీ కథ భవిత పైకి చదివింది. ఒక్క చోట కూడా హిందీలోకి దూకలేదు. "ఓసి నీ అమాయకం కూలా" దగ్గర మాత్రం అది నవ్వాపుకోలేక మూడుసార్లు మొదలుపెట్టింది. మీ బావ విని, "గూడ్సు గంటలు గంటలు ఆగీదన్నది నిజమే కదా" అన్నారు. దాని మీదే ఇంకా నిలబడి ఉన్నారు. మిగిలిన భాగం నేనే చదువుకున్నాను, రెండు కళ్ళతోనూ.

నీ ఉత్తరానికి జవాబు నాలుగుసార్లు రాసి చింపాను. మొదటి దాంట్లో నిన్ను తిట్టాను, రెండో దాంట్లో నన్ను తిట్టుకున్నాను, మూడో దాంట్లో ఇద్దరినీ కలిపి తిట్టాను. నాలుగోది మరీ మర్యాదగా ఉంది, నాకే నచ్చలేదు.

ఉత్తరాల్లో బాగుంటామన్నావు. నిజమే, ఎందుకు బాగోం? నాకు జ్వరమొస్తే ఆ కబురు నీకు చేరేసరికి నేను లేచి పచ్చళ్ళు పెడుతుంటాను. నువ్వు ఏడిస్తే అది నాకు చేరేసరికి నువ్వు మొహం కడుక్కుని జాకెట్లకి కాజాలు కుడుతుంటావు. మా మరిది రాంప్రసాద్ పోయినప్పుడు నేను రైలెక్కి వచ్చేసరికి అంతా అయిపోయి, నువ్వు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నావు. నాకు మంచినీళ్ళు నువ్వే తెచ్చిచ్చావు. ఆ గ్లాసు పట్టుకోవడానికి నాకు సిగ్గేసింది. ప్రతిసారీ అంతా అయిపోయాకే నేను నీకు, నువ్వు నాకు. నాకు నువ్వు అయిపోకముందు కావాలే.

ఉప్పు డబ్బా దగ్గర కొట్టుకుంటామంటున్నావు. కొట్టుకోం అని నేనూ అనను. నా నోరు సంగతి నాకు తెలియదా? కానీ ఈ ఇంట్లో నాతో తెలుగులో కొట్లాడే మనిషి లేదు. మీ బావ నా ఒక్క కూతకే మాట వదిలేస్తారు. భవిత "అచ్ఛా నానమ్మా, ఠీక్ హై" అని ఫోన్ చూసుకుంటుంది. అదీ వచ్చే ఏడు పై చదువుకి పోతుంది. "ఏటే" అని నన్ను నిలదీసే గొంతు కోసం నాకు మొహం వాచిపోయింది. నీకు అక్క పోతుందేమోనని భయం. నాకు నువ్వు ఇప్పుడే లేవు కదా, ఇంక పోయేదేముంది?

ఇంతకన్నా అడగడం నాకు చేతకాదు. సున్నం ఎలకల కోసం కాదు.

నీ రాళ్ళకుప్ప,
నీలవేణి


బాబామెట్ట, విజయనగరం
21 జనవరి 2025

అక్కా,

నీ ఉత్తరం చదివాక ఒకావిడ జాకెట్టుకి రెండు చేతులూ ఒకే వైపు కుట్టాను. ఆవిడ నన్ను తిట్టి, నా మొహం చూసి, మళ్ళీ కూర్చోబెట్టి టీ ఇప్పించింది.

ఇల్లు ఖాళీ చేస్తానని ఇంటివాళ్ళకి చెప్పేశాను. కుట్టు మిషను, నా మంచం, రాంప్రసాద్ ఫోటో, ఇంతే సామాను. మిషను ముందుగా పార్సిల్లో వస్తుంది. దాన్ని బావగారిని విడిపించమను, గూడ్సు సంగతులు ఆయనకే కదా తెలుసు. బ్లౌజులు కుట్టి బతకడం నాకు అలవాటు. తోర్వాలో కూడా ఆడవాళ్ళు జాకెట్లు తొడుక్కుంటారనే అనుకుంటున్నాను.

పొయ్యి వేరుగా పెట్టుకుంటాను. ఇందులో మాత్రం వాదించకు. కొట్లాడుకున్న రోజు నేను మెట్లు దిగను, నువ్వు ఎక్కకు. మర్నాడు ముందుగా పలకరించాల్సింది ఎవరంటే, వంతులవారీగా. మొదటి వంతు నీది, పెద్దదానివి కాబట్టి.

భయం పోలేదు, అక్కా. మనసు మారకముందే గబగబా రాసేస్తున్నాను, అందుకే నా గొలుసుకట్టు ఇంకా గొలుసుకట్టుగా ఉంది. అయినా వస్తున్నాను. అయిపోకముందే వస్తున్నాను.

పెళ్ళయిన దగ్గర్నుంచీ నీకు రాస్తూనే ఉన్నాను. ఇది ఆఖరి ఉత్తరం. ఇకమీదట నీతో ఏదైనా చెప్పాలంటే మేడ మీంచి అరుస్తాను.

చిన్నమ్మి